శ్రీమతి మార్గరెట్ కజిన్సు
(మదనపల్లెలో నివసించిన ఐర్లాండు దేశపు ఉపాధ్యాయిని జీవితము)

ప్రతిదినము ఉదయమున గంట మ్రోగిన పిదప మన పాఠశాల బాలబాలికలందఱును వరుసలుగా నిలిచి జనగణమన పాడుదురు. ఆ గీతమును రచించినవాడు వంగకవి రవీంద్రనాథ ఠాకూరు అని చిన్న తరగతివారును ఎఱుగుదురు. అయితే ఆ పాటను కవి స్వయముగా ఇంగ్లీషులోనికి మార్చినది తెలుగు గడ్డమీదనే, మదనపల్లెలోనే యనియు, అచ్చటనే ఐర్లాండు దేశపు స్త్రీ యొకతె దాని రాగమును చెవియొగ్గి విని ఐరోపా స్వరలిపిలో వ్రాసినదనియు ఎఱిగినవారు మనలో కొలదిమంది. ఆమె పేరు మార్గరెట్ కజిన్సు. ఈమె జీవితమును మన విద్యార్థులు ఎఱుగుట లాభకరమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఇట్లు తలచుటకు నా స్వంత కారణమొకటి కలదు. దానిని చివర విన్నవించుకొందును.

మార్గరెట్ 1878వ సంవత్సరమున ఐర్లాండు దేశమందలి రోస్కామన్ జిల్లాలో బాయిల్ అను చిన్న పట్టణమున జన్మించెను. పుట్టినింటి పేరు గిలెస్పీ. ప్రొటెస్టంటు క్రైస్తవ కుటుంబము, బిడ్డలు పెక్కుమంది, వారిలో ఈమెయే పెద్దది. ఇంటివారు ఈమెను గ్రెట్టా యని ముద్దుగా పిలిచెడివారు.

ఆమె పుట్టిన సీమను గుఱించి కొంచెము చెప్పవలయును. ఐర్లాండు వారికి హార్పు అను తంత్రీవాద్యము జాతి చిహ్నము. మనకు వీణ యెట్టిదో వారికి హార్పు అట్టిది. ఆ వాద్యమును వాయించుచు గ్రామగ్రామము తిరిగిన గాయకులలో మిక్కిలి ప్రసిద్ధుడు టర్లో ఓ కారొలాన్. ఆయన 1670లో పుట్టి, పదునెనిమిదవ యేట మశూచికము వలన కన్నులు పోగొట్టుకొని, గుఱ్ఱమెక్కి దారి చూపువానితో ఊరూర తిరుగుచు, తన్ను ఆదరించినవారి పేర పాటలు కట్టెను. 1738లో మరణించినప్పుడు ఆయనను పాతిపెట్టినది ఈ రోస్కామన్ జిల్లాలోనే. మన ప్రాంతమున ఒగ్గుకథ చెప్పువారు, శారదకాండ్రు పాటను మోసికొని ఊరూర తిరిగినట్లే అచ్చటను జరిగెను.

ఇట్టి గాయకులు తరిగిపోవుచుండగా, 1792వ సంవత్సరము జూలై నెలలో బెల్‌ఫాస్టు నగరమున మిగిలియున్న హార్పు వాద్యకారులను ఒకచోట చేర్చిరి. వచ్చినవారిలో పలువురు వృద్ధులు, కొందఱు గ్రుడ్డివారు. ఎడ్వర్డు బంటింగ్ అను పందొమ్మిదేండ్ల యువకుడు వారి యెదుట కూర్చుండి వారు వాయించిన పాటలను స్వరలిపిలో వ్రాసికొనెను. ఆ వ్రాతలే లేకున్న ఆ పాటలలో పెక్కింటి యానవాలు నేడు దొరకెడిది కాదు. వినుట, విన్నదానిని భక్తితో వ్రాయుట అను ఈ పని ఎంత గొప్పదో చూడుడు. నూటయిరువదియేడు సంవత్సరముల పిమ్మట మదనపల్లెలో మార్గరెట్ చేసినది ఇట్టి పనియే.

ఆ దేశమునకు మఱియొక దుఃఖము కలదు. ఐర్లాండు ప్రజల పూర్వభాష ఐరిష్. ఇంగ్లీషువారి యేలుబడిలో అది క్రమముగా వెనుకబడెను. 1845 మొదలు 1849 వఱకు ఉర్లగడ్డ పంట చెడి ఘోరమైన కాటకము వచ్చి, సుమారు పది లక్షలమంది చనిపోయిరి. మఱి పది లక్షలకు పైగా దేశము విడిచిపోయిరి. ఆ భాష మాట్లాడు పేదలే అందు ఎక్కువగా నశించిరి. పందొమ్మిదవ శతాబ్దమున కొన్ని చోట్ల పిల్లల మెడలో ఒక కఱ్ఱముక్కను కట్టెడివారు. ఆ పిల్లవాడు ఐరిష్ మాట పలికినప్పుడెల్ల ఆ కఱ్ఱపై ఒక గాటు పెట్టి, సాయంకాలము గాట్లు లెక్కించి అన్ని దెబ్బలు కొట్టెడివారు. అందఱికంటె విచారకరమైన సంగతి యేమనగా, బిడ్డలు బాగుపడవలెనను కోరికతో తలిదండ్రులు సైతము ఇందుకు సమ్మతించిరి. అమ్మ నేర్పిన మాటకు సిగ్గుపడుట అను వ్యాధి ఆ విధముగా ఇంటింట ప్రవేశించెను. ఆ భాషను నిలువబెట్టుటకై 1893లో గేలిక్ సమాజమును స్థాపించినవారిలో ముఖ్యుడైన డగ్లాసు హైడు పండితుడును రోస్కామన్ జిల్లావాడే. ఆయనయే 1938లో ఐర్లాండుకు మొదటి అధ్యక్షుడయ్యెను.

అయినను పోయిన భాష పూర్తిగా పోదు. ఐర్లాండువారు ఇంగ్లీషును నేర్చికొనిరి గాని దానిని తమ నాలుకకు తగినట్లు మలచుకొనిరి. ఐరిష్ భాషలో అవును, కాదు అను వాటికి వేఱుగా మాటలు లేవు. అడిగిన క్రియనే తిరిగి చెప్పుదురు. కనుక వారి ఇంగ్లీషులోను వచ్చితివా యని యడిగిన వచ్చితినని బదులు చెప్పు అలవాటు నిలిచినది. మన తెలుగులోను అంతే గదా! తిన్నవా యని యడిగిన తిన్న అనియే మన యూరివారు చెప్పుదురు. అప్పుడే భోజనము ముగించినవాడు తాను భోజనము వెనుక నున్నానని వారు చెప్పుదురు. అదియు వారి పూర్వభాష నుండి వచ్చిన పలుకుబడియే. ఇంగ్లీషు పాఠములో మన పిల్లలకు కష్టమైన ధ్వని యొకటి కలదు. నాలుకను పండ్లనడుమ నుంచి ఊదవలసిన ఆ ధ్వనిని మనము మన త, థ, ద లతో పలుకుదుము. ఐర్లాండులో పెక్కుమంది అట్లే నాలుకను పండ్లకు తాకించి పలుకుదురు. రకారమును మ్రింగక నిండుగా పలుకుటయు మనకును వారికిని సమానమే. డబ్లిను వారి యాస వేఱు, బెల్‌ఫాస్టు వారి యాస వేఱు, పడమటి పల్లెల వారి యాస వేఱు. సిరిసిల్ల మాటకును, కోరుట్ల మాటకును, సముద్రతీరపు మాటకును భేదమున్నట్లే అని గ్రహింపుడు. ఇట్టి ఇంగ్లీషుతోనే యేట్సు, సింజ్ మొదలగు మహాకవులు లోకము మెచ్చు సాహిత్యమును సృష్టించిరి.

ఇక మన కథానాయిక చదువు సంగతి. మార్గరెట్ మొదట స్వగ్రామమునను, పిదప డెర్రీ పట్టణమునను చదివి, డబ్లిను నగరమునకు పోయి సంగీతశాస్త్రమును అభ్యసించి, 1902లో రాయల్ విశ్వవిద్యాలయము నుండి సంగీతమున పట్టభద్రురాలయ్యెను. ఆ కాలమున స్త్రీలకు అట్టి పట్టము అరుదు. మరుసటి సంవత్సరము జేమ్సు కజిన్సు అను బెల్‌ఫాస్టు కవిని వివాహమాడెను. ఆయన ఐరిష్ సాహిత్య పునరుజ్జీవనమున పాల్గొన్నవారిలో నొకడు. దంపతులిద్దఱును మాంసాహారమును విసర్జించిరి. ముందు జగద్విఖ్యాతుడు కానున్న జేమ్సు జాయిసు 1904లో నిలువ నీడలేక యున్నప్పుడు కొలదిదినములు వీరి యింటనే తలదాచుకొనెను.

మార్గరెట్ పియానో వాయించుకొనుచు ఇంటనే సుఖముగా నుండదగిన స్త్రీ. కాని అన్యాయమును చూచి ఊరకుండు స్వభావము ఆమెకు లేదు. స్త్రీలకు ఓటు హక్కు లేకుండుట తగదని 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్ మొదలగు వారితో కూడి ఐర్లాండు స్త్రీల ఓటు హక్కు సమాజమును స్థాపించెను. 1910లో లండనులో మంత్రుల యిండ్ల అద్దములు పగులగొట్టినందులకు ఒక నెల చెఱసాల యనుభవించెను. 1913లో డబ్లిను కోట కిటికీల విషయమున మఱల ఒక నెల శిక్ష పడెను. ఆ చెఱలో రాజకీయ ఖైదీలుగా తమ్ము చూడవలెనని ఆమెయు, తోడి స్త్రీలును నిరాహారదీక్ష పూనిరి. అద్దములు పగులగొట్టుటను విద్యార్థులు అనుకరింపవలెనని నేను చెప్పను. ఆమె తన చేతకు శిక్షను తానే భరించెననుట మాత్రము గమనింపుడు.

1915లో దంపతులు ఇండియాకు వచ్చిరి. అనీబిసెంటు నడపుచుండిన న్యూ ఇండియా పత్రికలో జేమ్సు పనికి కుదిరెను. 1916లో డబ్లినులో జరిగిన ఈస్టరు తిరుగుబాటును మెచ్చుచు ఆయన వ్రాసిన వ్యాసము వలన ఆ కొలువు పోయెను. పిదప అనీబిసెంటే ఆయనను మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు పంపెను. ఆ కళాశాల 1915లో స్థాపింపబడినది. మార్గరెట్ అచ్చట ఇంగ్లీషు బోధించెను. ఇంగ్లీషుదొరల ఇంగ్లీషు కాక, ఐర్లాండు పల్లెపట్టున పుట్టినదాని ఇంగ్లీషు రాయలసీమ బాలుర చెవిని పడిన విధము తలచుకొన్న నాకు ముచ్చటగా నుండును.

1919వ సంవత్సరము ఫిబ్రవరి చివర రవీంద్రనాథుడు దక్షిణదేశ యాత్రలో అలసి, విశ్రాంతికై మదనపల్లె వచ్చి కజిన్సు దంపతుల అతిథిగా నుండెను. కళాశాలలో వారమునకొక రాత్రి అందఱును కూడి పాటలు పాడుకొను వాడుక యుండెను. ఆ రాత్రి కవి తానును ఒక పాట పాడుదునని చెప్పి, 1911లో తాను రచించిన జనగణమనను మెల్లని గొంతుతో పాడెను. పల్లవి వచ్చినప్పుడు పిల్లలు ఉత్సాహముతో గొంతు కలిపిరి. ఆ పాటయే కళాశాల ప్రాతఃకాల గీతమయ్యెను. కవి దానిని అచ్చటనే ఇంగ్లీషులోనికి మార్చి, భారతదేశ ప్రభాతగీతము అను అర్థముగల పేరు పెట్టి, ఫిబ్రవరి 28వ తేదీ వేసి, స్వహస్తముతో వ్రాసియిచ్చెను. మార్గరెట్ ఆ పాట రాగమును కవి సమ్మతితో ఐరోపా స్వరలిపిలో వ్రాసెను.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలయును. రాగము కట్టినది మార్గరెట్ అని కొందఱు చెప్పుదురు. అది సరికాదు. రాగము రవీంద్రునిదే. ఆమె చేసినది వినుట, వ్రాయుట. కాని ఆ పని సులభమని తలపకుడు. ఐరోపా స్వరలిపి అయిదు గీతలపై చుక్కలు పెట్టు పద్ధతి. ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు జారుట, స్వరమును ఊపుట మొదలగు గమకములకు ఆ గీతలలో చాలినంత చోటు లేదు. అది తెలియని వాద్యకారుడు మన పాటను వ్రాసిన ఎముకలు మిగులును, మాంసము పోవును. ఐర్లాండు పాటలకును ఇదే చిక్కు కలదు. వారి గాయకులును స్వరమును విఱుచుదురు, జార్చుదురు. అది కాగితముపై దిగదు, గురువు నోట వినియే నేర్వవలెను. అట్టి సంగీతము గల నేలపై పుట్టిన చెవి గనుక ఆమె మన పాట యెదుట వినయముతో కూర్చుండగలిగెనని నా నమ్మకము.

నిజమునకు ఈ రెండు సంగీతములకును చుట్టఱికము కలదు. ఐర్లాండు పాటలు పెక్కింటిలో వచ్చు స్వరక్రమము మన హరికాంభోజి మేళపు స్వరములే. మఱికొన్నింటిలోనివి ఖరహరప్రియ స్వరములు. స్కాట్లాండు వారి పాటలు కొన్ని మన మోహనరాగమువలె అయిదు స్వరములతోనే నడచును. వారి జిగ్ అను నాట్యపు పాట మూడేసి మాత్రల చొప్పున మన తిశ్రగతిలో దుముకును. వారి సంచి సన్నాయి మోచేతి క్రింది తిత్తితో గాలి నింపుకొని, పాట సాగినంతసేపును ఒకే శ్రుతిని పట్టియుండును. మన సన్నాయి మేళములో శ్రుతి పట్టువాడు చేయు పనియే అది. మార్గరెట్ వచ్చుటకు నూఱేండ్లకు ముందే ముత్తుస్వామి దీక్షితులు ఐరోపా బాణీలను విని, వానికి సంస్కృత సాహిత్యము కూర్చి నొట్టుస్వరములని పేరుగాంచిన పాటలు సుమారు నలువది రచించెను. అందలి వందే మీనాక్షి అను పాట బాణీ ఐర్లాండునందలి మాలో పట్టణము పేర నున్న నాట్యపు పాటయే. పాటకు ఎల్లలు కట్టుట ఎవరి తరము? మార్గరెట్ ఈ విషయములను ఆలోచించి 1935లో ప్రాచ్య పాశ్చాత్య సంగీతములను గుఱించి ఒక గ్రంథము ప్రకటించెను.

ఆమె తక్కిన సేవను క్లుప్తముగా చెప్పుదును. 1917లో అనీబిసెంటు, డొరోతీ జినరాజదాస మొదలగు వారితో కలిసి భారత మహిళా సంఘమును స్థాపించెను. ఆ సంవత్సరమే డిసెంబరు 18వ తేదీన మన హైదరాబాదున పుట్టిన సరోజినీ నాయుడు నాయకత్వమున స్త్రీల రాయబారము మద్రాసులో మాంటేగు మంత్రిని దర్శించి ఓటు హక్కును కోరెను. దాని వెనుక పనిచేసినది మార్గరెట్. 1921లో మద్రాసు రాజధానిలో స్త్రీలకు ఓటు లభించెను. ఆమె మంగుళూరిలో బాలికల పాఠశాలకు మొదటి ప్రధానోపాధ్యాయినిగా పనిచేసెను. మద్రాసులో మేజిస్ట్రేటుగా నియమింపబడెను. ఈ దేశమున అట్టి పదవి పొందిన మొదటి స్త్రీ ఈమెయే యని చెప్పుదురు. 1927లో పూనాలో ఆరంభమైన అఖిల భారత మహిళా సభకు ఆమె పిలుపే మూలము. 1936లో దానికి ఆమె అధ్యక్షురాలు. 1932లో ప్రభుత్వపు అణచివేత శాసనములకు విరుద్ధముగా బహిరంగముగా మాటలాడి, వేలూరు చెఱసాలలో ఉండెను. మూడు దేశముల చెఱసాలలను మూడు పర్యాయములు చూచిన ఉపాధ్యాయిని ఈమె!

1943లో పక్షవాతము వచ్చి ఆమె కాలుసేతులు స్వాధీనము తప్పెను. పియానోపై పరుగెత్తిన వ్రేళ్లు నిలిచిపోయెను. మద్రాసు ప్రభుత్వమును, పిదప జవహరులాలు నెహ్రూయును ధనసహాయము చేసిరి. 1950వ సంవత్సరము జనవరి 24వ తేదీన జనగణమన జాతీయగీతముగా అంగీకరింపబడినప్పుడు ఆమె సజీవురాలై యుండెను. ఆ యేడే దంపతులిద్దఱును కలిసి వ్రాసిన జీవితచరిత్రము వెలువడెను. 1954వ సంవత్సరము మార్చి నెలలో ఆమె అడయారులో కన్నుమూసెను. రెండేండ్లకు జేమ్సు మదనపల్లెలో మరణించెను.

ఇక నా స్వంత కారణము. నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుచుండగా, ఒక ఉపన్యాసకుడు నా ఇంగ్లీషు పాఠము విని, అది ఏ సంతలో కొన్న ఇంగ్లీషని తరగతి యెదుట నవ్వెను. ఆ నవ్వు నా చెవిలో చాలకాలము నిలిచెను. అట్టి నేనే రెండేండ్ల క్రిందట నా తరగతిలో ఒక బాలిక పాఠము చదువుచు స్కూలును ఇస్కూలు అనగా చిఱునవ్వు నవ్వితిని. ఉపాధ్యాయుడు నవ్విన తరగతి నవ్వకుండునా? ఆ బాలిక కూర్చుండెను. నాటినుండి నోరు విప్పదు. క్రిస్మసు పాటల జట్టులో అందఱికంటె మంచి గొంతు ఆమెది. ఆ జట్టును విడిచెను. నేను కఱ్ఱముక్క కట్టలేదు గాని గాటు పెట్టితిని.

ఐర్లాండు పిల్లల మెడలోని కఱ్ఱను గుఱించియు, మార్గరెట్ కజిన్సును గుఱించియు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మఱునాడు తరగతి యెదుట నా తప్పును ఒప్పుకొని, ఆ బిడ్డను క్షమింపుమని వేడుకొంటిని. ఆమె ఏమియు అనలేదు. పది దినములైన పిదప, పిలువకయే లేచి ఒక పేరా చదివెను. ఇస్కూలు అనియే చదివెను. ఎవరును నవ్వలేదు. పాఠము ముగిసిన తరువాత సకారమును ముందు పలుకు విధము చూపితిని, నేర్చికొనెను. ఇప్పుడు బడిలో ఒక తీరున, ఇంటిలో ఒక తీరున పలుకుచున్నది. రెండును ఆమెవే. నేడు ఉదయగీతమునకు మొదటి శ్రుతి నందించునది ఆమెయే.

విద్యార్థులారా! ఇంగ్లీషు శ్రద్ధగా నేర్వుడు. అక్షరదోషములు లేకుండ వ్రాయుడు. ఎదుటివానికి తెలియునట్లు స్పష్టముగా పలుకుడు. కాని గిట్ల, గట్ల, రాండ్రి అను మీ అమ్మల మాటలకు సిగ్గుపడకుడు. తలిదండ్రులారా! బిడ్డ యాసను పదిమందిలో ఎగతాళి చేయకుడు. మన వేములవాడ వేయి సంవత్సరములకు పూర్వము అరికేసరి కొలువున కన్నడ ఆదికవి పంపని పోషించిన యూరు. ఆ పంపని తమ్ముడు జినవల్లభుడు ఇచ్చటికి దూరము కాని కుర్క్యాల గుట్టమీద సంస్కృతమున, కన్నడమున, తెలుగున మూడింటను శాసనము చెక్కించెను. ఒక బండ మూడు భాషలను మోయగా, ఒక తరగతి గది రెండు యాసలను మోయలేదా? రేపు ఉదయమున జనగణమన పాడునప్పుడు, దూరదేశమునుండి వచ్చి మన పాటను తలవంచి విన్న ఆ తల్లిని ఒక్క నిమిషము తలచుకొనుడు. పిదప మీ ప్రక్కన నిలిచినవాని పలుకును అట్లే వినుడు.